కొత్తది, ముట్టుకోవద్దు: చర్ల దారిలో ఒక స్క్రూ కోసం

భద్రాచలం వెళ్లేవాళ్లు రాముడి కోసం వెళ్తారు. నేను ఒక స్క్రూ కోసం వెళ్లాను. వడ్లగింజ కంటే కాస్త పొడుగు, అగ్గిపుల్ల కంటే సన్నం. జమున అనే అమ్మాయి పై దవడ ఎముకలో, కుడి బుగ్గ లోపల బిగించి ఉంది. ఉందో ఊడిందో చూసి రావడమే నా పని. నేను బ్యాగు సర్దుకుంటుంటే మా ఆయన చూసి, "పళ్ల డాక్టరు ఇంటికొచ్చి చూడబడును అని బోర్డు రాయించు" అన్నాడు. రాయిస్తే మొదట ఆయన పిప్పిపన్నే చూడాల్సి వస్తుందని ఊరుకున్నాను.

నేను ఖమ్మంలో వంకర పళ్లు సరిచేసే డాక్టరును. మా ఇల్లు ఖానాపురం హవేలిలో, క్లినిక్కు బస్టాండుకు దగ్గర్లో. జమున ఖమ్మంలోనే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పై పళ్లు ముందుకు పొడుచుకొచ్చి పెదవులు మూతపడవు. ఎవరైనా నవ్విస్తే చున్నీ అంచు నోట్లో కుక్కుకుంటుంది. ఆ పళ్లు వెనక్కి జరగాలంటే చోటు కావాలి. అందుకని అటొకటి ఇటొకటి, ఏ రోగమూ లేని రెండు పళ్లు తీయించాను. ముందు పళ్లను లాగడానికి వెనక పళ్లను ఆధారం చేసుకుంటే, అవే ముందుకు జారి ఆ చోటును ఆక్రమించేస్తాయి. అందుకే ఎముకలో చిన్న స్క్రూ బిగించి, దానికి స్ప్రింగు తగిలించి లాగుతాం. ఎడమవైపుది మొదటి రోజు నుంచీ బుద్ధిగా ఉంది. కుడివైపుది నెల తిరక్కుండా ఊడి వచ్చింది. రెండోది ఇంకొంచెం కిందికి బిగించాను. అది గనక ఊడితే మూడోదానికి అక్కడ చోటు లేదు. అప్పుడా అమ్మాయి రెండు మంచి పళ్లు ఊరికే పోగొట్టుకున్నట్టు.

"మళ్లా ఊడితే నేను రాను మేడం. ఉన్న పళ్లతోటే ఉంట" అని చెప్పి వెళ్లింది. మళ్లీ కనబడలేదు. ఫోను కలవదు. వాళ్ల అవ్వకు జ్వరమొస్తే భద్రాచలం అవతల చర్ల దారిలో ఉన్న ఊరికి పోయిందని హాస్టల్లో చెప్పారు.

ఖమ్మం బస్టాండు

మా దగ్గర ఆడవాళ్లకు బస్సు ఉచితం. కండక్టరు ఆధారు కార్డు చూసి జీరో టికెట్టు చింపి ఇస్తాడు. సీట్లన్నీ మేమే ఆక్రమించడంతో మగవాళ్లు కడ్డీలకు వేలాడుతూ మమ్మల్ని చూసే చూపు ఒకటుంటుంది, దాని కోసమైనా ఒకసారి ఎక్కాలి.

నా పక్కన ముదిగొండ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తారట, వాళ్లు ముందు బస్సులో వెళ్లిపోయారట. వైరా రాకముందే నా కులం, గోత్రం, పిల్లల చదువులు కనుక్కుంది. తల్లాడ దగ్గర అసలు సంగతికి వచ్చింది.

"ఇంతకీ నువ్వు ఏం మొక్కు తీర్సనీకి పోతున్నవ్ బిడ్డా?"

చెప్పాను. ఆవిడ నోరు తెరిచింది.

"ఎముకల స్క్రూ కొట్టినవా? గోడకు క్యాలెండర్ తగిలిచ్చినట్టు?"

"అచ్చం గట్లనే" అన్నాను.

"మరి ఆగుతదా?"

ఇన్నేళ్లలో ఏ సెమినారులోనూ ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. గోడ లెక్కనే చెప్పాను. గోడ గట్టిదైతే మేకు ఆగుతుంది, ఉత్త సున్నపు పెచ్చయితే ఆగదు. దవడ ఎముక కూడా పైపొర మందంగా ఉన్నచోట పట్టు ఇస్తుంది, పలచగా ఉన్నచోట ఇవ్వదు. కింది దవడ కంటే పై దవడ ఎముక కాస్త మెత్తన. బుగ్గతో పాటు కదిలే మెత్తటి చిగురులో పెడితే స్క్రూ చుట్టూ రోజూ రాపిడే. పక్కపన్ను వేరుకు మరీ దగ్గరైనా వదులవుతుంది. బిగించేటప్పుడు మరీ లూజుగా ఉండకూడదు, మరీ బిగిస్తే ఎముకే నలుగుతుంది. ఒక్కసారే బరువుగా లాగకూడదు.

"మా ఇంట్ల క్యాలెండర్ మేకుకు మా ఆయన అంగీలన్ని తగిలిచ్చి ఊడగొట్టిండు" అందావిడ.

"బరువంటే అదే మరి."

"ఇన్నిట్ల ఏది ముఖ్యం?"

"అన్నీ బాగున్నా, చుట్టూ శుభ్రం లేక చిగురు వాచిందనుకోండి, ఆ వాపు లోపలికి దిగి ఎముక పట్టు వదిలేస్తుంది."

ఆవిడ నావైపు జాలిగా చూసి సంచీలోంచి మురుకులు తీసింది. నేను కొరికితే కొరుకుడు పడలేదు. "పళ్ల డాక్టరువు, నీ పళ్లే గిట్లుంటె ఆ పిల్ల గతేంది?" అని బస్సంతా వినబడేలా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. ఏన్కూరు వచ్చేదాకా ఆ మురుకు బుగ్గన పెట్టుకుని నానబెట్టి తిన్నాను.

భద్రాచలం

కొత్తగూడెం దాటాక దారి పక్కన చెట్లు దగ్గరపడతాయి. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేటప్పటికి సాయంత్రం. ఎండాకాలం గోదావరి సగం ఇసుకే. అయినా బస్సులో అందరూ చేతులు జోడించారు, నేనూ జోడించాను. వానాకాలంలో ఈ నీళ్లే ఊరి వీధుల్లోకి వస్తాయంటే నమ్మబుద్ధి కాదు.

దర్శనం బాగా అయింది. రాముడికి చెప్పుకోవడానికి పెద్ద కోరికలు గుర్తురాలేదు. "ఆ కుడివైపుది నిలబడేటట్టు చూడు స్వామీ" అన్నాను. బయటికొచ్చేసరికి నా చెప్పులు లేవు. వాటి చోట అరిగిపోయిన మగవాళ్ల చెప్పుల జత ఒకటి ఉంది. చెప్పుల దగ్గర కూర్చున్న ముసలాయన "గుడికాడ చెప్పులు పోతే పాపం పోయినట్టే అమ్మా" అని ఓదార్చాడు. నూట ఇరవై పెట్టి రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను. ఆ పక్కనే ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నారు. ఇప్పపువ్వంటే సారా అనే మా ఊళ్లో అనుకుంటాం. నువ్వులు, బెల్లం కలిపి కట్టిన ఆ లడ్డూ తింటే ఖర్జూరంలా ఉంది. నాలుగు తిని, ఇంటికని కొన్నవాటిలోంచి ఇంకొకటి తిన్నాను.

చర్ల దారి

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు పట్టే చోట ఎనిమిదిమందిమి, ఒక కోడిపుంజు. బీడీలు చుట్టే తునికాకు కోతకు పోతున్న ఆడవాళ్లు తలకు తువ్వాళ్లు చుట్టుకుని కోయభాషలో మాట్లాడుకుంటున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మధ్యలో "డాక్టరు" అని వినబడింది, తర్వాత నవ్వులు వినబడ్డాయి. నా రబ్బరు చెప్పులు చూసి అయ్యుంటుంది.

జమున వాళ్ల గూడెం పేరు రాయను, ఆమె వద్దంది. రోడ్డు దిగాక టేకుచెట్ల మధ్య ఎర్రమట్టి బాట. ఎటు చూసినా మామిడిచెట్లు. కొమ్మలు కాయల బరువుకు చేతికందేలా వంగి ఉన్నాయి. రాలిన కాయలు బాటంతా పడి ఉన్నా ఒక్కరూ ఏరుకోలేదు. మా ఖానాపురం హవేలిలో పిందె కనబడితే చాలు, గోడ దూకి కోసుకుపోతారు. ఉగాది రాకముందే నేను రెండుసార్లు మామిడికాయ పప్పు వండేశాను. ఇంత సొమ్ము ఇట్లా వదిలేసిన ఊరేమిటో అని ఆశ్చర్యపోయాను.

మామిడిచెట్టు కింద

జమున నన్ను దూరం నుంచే గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చింది. "మేడం! మీరేంది ఈడికి?" అని, నవ్వొచ్చి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల అవ్వ ముత్తమ్మ గుడిసె ముందు మంచంలో కూర్చుని ఉంది. జ్వరం తగ్గింది గానీ బాగా చిక్కింది. జమున నాకు నీళ్లిచ్చి, కూర్చోమని ఈతచాప వేసింది. నీళ్లు తాగినా ఎండకు గొంతు ఆరిపోయే ఉంది. చాప పక్కనే ఒక పచ్చి మామిడికాయ రాలి ఉంటే, తీసి కొంగుతో తుడిచి నోటి దగ్గర పెట్టుకున్నాను.

"వద్దు వద్దు!" అని ముత్తమ్మ మంచం మీంచి లేచింది. జమున నా చేతిలోంచి కాయ లాక్కుంది. పక్క గుడిసెలవాళ్లు కూడా బయటికొచ్చారు. విషపు కాయేమో అనుకుని, ఇంకా కొరక్కపోయినా నేను గట్టిగా ఉమ్మేశాను.

"ఏం గాలే మేడం" అంది జమున. "ఇంక కొత్త కాలే. మా కాడ కొత్త పంట ఏదొచ్చినా, మామిడికాయైనా చిక్కుడుకాయైనా, పండుగ చేసి దేవునికి పెట్టాలె. పెద్దోళ్లు ముందు ముట్టాలె. గప్పటిదాక ఎవ్వలు ముట్టరు. రేపే మామిడికాయ పండుగ."

నేను తప్పయిందని లెంపలేసుకున్నాను. ముత్తమ్మ నవ్వింది. "తెల్వక చేసినవ్, ఏం గాదు బిడ్డా" అంది. అప్పుడు నా పని గుర్తొచ్చి, "ఏదీ, నోరు తెరువు" అన్నాను జమునతో. అద్దం, టార్చి, సన్నని పట్టకారు తెచ్చుకున్నాను. వెలుతురు కోసం అక్కడే చెట్టు కింద కూర్చోబెట్టి బుగ్గ పక్కకు లాగి చూశాను.

స్క్రూ ఉంది. చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి, దాని తల సగం కప్పేసింది. మీద పాచి పేరుకుంది. ఎడమవైపు అద్దంలా ఉంది. నాకు వెంటనే కోపం నెత్తికెక్కింది.

"బ్రష్ చేస్తలేవా ఈ పక్కకు?"

"లేదు మేడం."

"ఎందుకు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మీరే చెప్పిన్రు గద? 'ఇది కొత్తది, నేను చూసేదాకా ముట్టుకోవద్దు' అన్నరు. కొత్తదంటే ఎట్ల ముడ్త?"

నా చేతిలో ఇంకా అద్దం ఉంది. నేను ఆ మాటే అన్నాను. మొదటి స్క్రూను నాలుకతో, వేలితో తిప్పి తిప్పి వదులు చేసుకున్నదని, రెండోది పెట్టిన రోజు వేలు చూపించి మరీ అన్నాను. ఖమ్మంలో ఆ మాటకు వేలుపెట్టి కెలకొద్దని అర్థం.

"నేనే చెప్పిన బిడ్డా" అంది ముత్తమ్మ. "డాక్టరమ్మ కొత్తదన్నదట, ఆమె చూసిందాక ముట్టొద్దన్నదట. మా కాడ కొత్తంటే గంతే. పిల్ల మర్చిపోయి బ్రష్ పట్టుకుంటె చేతి మీద కొట్టిన."

"నాలుక గూడ తగలనియ్యలే మేడం" అంది జమున. "మొదటిది నేనే ఊడగొట్టుకున్న. గీసారి పైలంగ ఉండాలనుకున్న. అన్నం గూడ ఈ పక్కకు నమలలే. పండుగైనంక ఖమ్మం వద్దామనుకున్న."

ఇంత భక్తిగా నా మాట విన్న పేషెంటు నాకు ఇదివరకు లేదు, బహుశా ఇకమీద ఉండదు. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

పట్టకారుతో స్క్రూ తలను పట్టుకుని మెల్లగా అదిమాను. కదిలింది. వెంట్రుకవాసే, కానీ కదిలింది. ఇట్లా కొంచెం కదిలేవాటిలో కొన్ని, వాపు తగ్గించి, బరువు తీసేసి వదిలేస్తే మళ్లీ నిలబడతాయి. కొన్ని నిలబడవు. ఏది నిలబడుతుందో చెప్పే పరికరం నా దగ్గర లేదు.

"ఊడుతదా మేడం?" అంది జమున, నా ముఖం చూసి.

"వదులైంది. ఇప్పుడే కడగాలి. ఇంకా ఆలస్యం చేస్తే ఊడుతుంది."

ముత్తమ్మకు ఆ తొందర నచ్చలేదు. "పొద్దుగాల పండుగ. అన్నిటితోటి దాన్ని గూడ ముట్టుకుందురు. ఒక్క పూటల ఏమైతది?" అంది. ఎముక గురించి చెప్పబోయాను. గోడ గురించి చెప్పాను. గుడిసెకు ఉన్నది తడిక, గోడ కాదు, ఆ పోలిక పారలేదు.

జమునే అవ్వతో కోయభాషలో ఏదో మాట్లాడింది, తర్వాత నాకోసం తెలుగులో చెప్పింది. "అవ్వా, మామిడికాయకు పూజారి పెద్ద. దీనికెవరు పెద్ద? పెట్టింది మేడమే గద. ఆమె ముడితే కొత్త అయినట్టే గద?"

ముత్తమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు, కొంచెం పసుపు తెచ్చింది. మనవరాలిని తూర్పుకు తిప్పి కూర్చోబెట్టింది. నా వేళ్ల మీద నీళ్లు పోసి పసుపు రాసింది. "ఇగ ముట్టు బిడ్డా" అంది. పసుపు చేతులకే తొడుగులు వేసుకున్నాను. ఇన్నేళ్ల డాక్టరు ఉద్యోగంలో నాకొకరు అనుమతి ఇచ్చిన పని అదొక్కటే.

ముందు స్ప్రింగు తీసేసి బరువు లేకుండా చేశాను. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో సిరంజి పెట్టి కడిగాను. రక్తం వచ్చింది. జమున చాప అంచు పట్టుకుని ఓర్చుకుంది. మెత్తటి చిన్న బ్రష్షు ఆమె చేతికిచ్చి, స్క్రూ చుట్టూ గుండ్రంగా ఎట్లా తిప్పాలో చూపించాను. మొదటిసారి భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ముత్తమ్మ ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ నోటి దగ్గర పెట్టింది.

ఆ రోజు జొన్నజావ, చింతచిగురు వేసి వండిన ఎండుచేపల కూర పెట్టారు. మా ఇంట్లో ఎండుచేపలు వండితే పక్కింటివాళ్లు కిటికీలు మూస్తారు. ఇక్కడ పక్కింటివాళ్లు గిన్నెలు తెచ్చుకున్నారు. నేను రెండుసార్లు పెట్టించుకుని, రాత్రికి అక్కడే పడుకున్నాను.

పండుగ పొద్దున

మామిడికాయ పండుగ నేననుకున్నంత ఆర్భాటంగా లేదు. ఊరి చివర చెట్టు కింద రాళ్లు, వాటికి పసుపు కుంకుమ. పూజారి ముందు కాయ కోసి దేవుడికి పెట్టాడు. కోడిని కోశారు. తర్వాత కాయముక్కలు బెల్లంతో కలిపి మోదుగాకుల్లో అందరికీ పంచారు. అప్పటిదాకా కాయలవైపు చూడని పిల్లలు ఒక్కసారిగా చెట్లెక్కేశారు. మామిడికాయంటే పులుపని తప్ప నాకింకేమీ తెలియదు. దానికోసం ఊరంతా కలిసి ఆగితే ఆ పులుపు వేరే.

ముత్తమ్మ తన ఆకులోంచి ఒక ముక్క తీసి నా నోట్లో పెట్టి, మెల్లగా అడిగింది. "నిజం చెప్పు బిడ్డా. అది నిలుస్తదా?"

పేషెంట్లకు మేం చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ఆవిడకు అవేవీ చెప్పబుద్ధి కాలేదు. "తెలియదవ్వా" అన్నాను.

ఆవిడ చెట్టు పైకి చూసింది. "పూసిందంత కాయ గాదు. అయినకాడికే మేం పండుగ చేసుకుంటం" అంది. జమున కొంచెం దూరంలో నిలబడి వింటోంది. చేతిలో మామిడిముక్క ఉంది, తినలేదు. ఆమె దగ్గరికి పోయి, "ఎడమపక్కన నములు. పుల్లటిది ఏం కాదు, తర్వాత ఉప్పునీళ్లతో పుక్కిలించు" అన్నాను. అంతకంటే ఓదార్పు నాకు చేతకాలేదు. నేను ఆటో ఎక్కేదాకా ఇద్దరూ వచ్చారు. ముత్తమ్మ నా సంచీ నిండా కాయలు పోసింది.

మళ్లీ ఖమ్మంలో

మా ఆయన ఆ కాయలు చూసి, "స్క్రూ కోసం పోయి పచ్చడి తెచ్చావు" అన్నాడు. పచ్చడి పట్టాను. ప్రతిరోజూ క్లినిక్కులో తలుపు చప్పుడైతే తలెత్తి చూసేదాన్ని. ఊడిపోయి ఉంటుంది, ఊడితే రానన్న పిల్ల కాబట్టి ఇంక రాదు అనుకుని ఒకరోజు ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

కాలేజీ తెరిచిన వారంలో వచ్చింది. నేరుగా కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. నేను భయపడి ముందు ఎడమవైపే చూశాను, చాలాసేపు చూశాను. "కుడిపక్క మేడం" అంది జమున, తెరిచిన నోటితోనే.

బుగ్గ లాగాను. చిగురు గులాబిరంగులో స్క్రూ మెడను గట్టిగా పట్టుకుని ఉంది. వాపు లేదు, పాచి లేదు. పట్టకారుతో తలను పట్టుకుని అదిమాను. ఏమీ కాలేదు. నమ్మకం కలగక ఇంకొంచెం గట్టిగా అదిమాను. స్క్రూ కదలలేదు. జమున తల కదిలింది.